పెల్లెట్ మిల్లు ఎంపిక: ముందు పదార్థం, తరువాత యంత్రం

పెల్లెట్ మిల్లు పెట్టదలచిన రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, యువ పారిశ్రామికులు ఏరువాక కేంద్రాలకూ కృషి విజ్ఞాన కేంద్రాలకూ వచ్చి అడిగే తొలి ప్రశ్న సాధారణంగా ఒకటే: గంటకు ఎన్ని టన్నులు తీస్తుంది? యంత్రం అమ్మేవారి కరపత్రంలో పెద్ద అక్షరాలతో కనిపించేదీ ఆ అంకెయే. బ్యాంకుకు సమర్పించే ప్రాజెక్టు నివేదికలో ఆదాయం, రుణ వాయిదాలు, లాభం అన్నీ దాని మీదనే నిలబడతాయి. ఏ పదార్థంతో, ఎంత తేమ వద్ద, ఏ డైతో నడిపితే అంత ఉత్పత్తి వస్తుందో చెప్పని అంకెకు అర్థం లేదు. దానిని ఆధారంగా చేసుకొని సలహా ఇచ్చే పద్ధతిని విస్తరణ విభాగం మానుకోవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

75 కిలోవాట్ల మోటారు గల ఒక మిల్లును ఉదాహరణగా తీసుకుందాం. అది పూర్తి బరువులో ఎనభై శాతంతో నడుస్తున్నదనుకుంటే గంటకు సుమారు 60 యూనిట్ల విద్యుత్తు డై వద్ద ఖర్చవుతుంది. మొక్కజొన్న, సోయా చెక్క ప్రధానంగా గల దాణాను ఆవిరి పట్టించి గుళికలుగా చేయడానికి టన్నుకు సుమారు 12 నుంచి 15 యూనిట్లు సరిపోతాయి. అంటే గంటకు నాలుగైదు టన్నులు. అదే మోటారుతో చెక్కపొట్టును గానీ పత్తి కట్టె పొడిని గానీ గుళికలుగా చేయాలంటే టన్నుకు 60 నుంచి 80 యూనిట్లు కావాలి. అప్పుడు గంటకు టన్ను రావడమే ఎక్కువ, ముప్పాతిక టన్నుకు పడిపోయినా ఆశ్చర్యపడనక్కరలేదు. మోటారు మారలేదు, పదార్థం మారింది. కరపత్రంలోని అంకె దాణాకు సంబంధించినదై, కొన్నవారి పని పత్తి కట్టెతో అయితే, ప్రాజెక్టు నివేదికలోని ఆదాయం మొదటి నెలలోనే నాలుగో వంతుకో ఐదో వంతుకో దిగిపోతుంది. వాయిదా మాత్రం దిగదు.

ఈ తేడాకు కారణం విద్యార్థులకు తెలియనిది కాకపోయినా, యంత్రం ఎంపికతో దానిని జోడించి చెప్పడం అరుదు. దాణాలో గుళికను పట్టి ఉంచేది పిండి పదార్థం, మాంసకృత్తులు. కండిషనర్‌లో ఆవిరి తగిలి 75 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వేడికి, 15 నుంచి 17 శాతం తేమకు చేరేసరికి పిండి పదార్థం కొంత జిగురుగా మారుతుంది, తేమ రంధ్రాల గోడల వద్ద కందెనలా పనిచేస్తుంది. కట్టెలో ఆ పని చేయవలసినది లిగ్నిన్. అది మెత్తబడడానికి కావలసిన వేడిని రంధ్రంలోని రాపిడియే పుట్టించాలి. కనుక విద్యుత్తు ఖర్చు తప్పదు. తేమ ఎనిమిది శాతం కంటే తగ్గితే గుళిక పట్టదు. పదిహేను దాటితే రంధ్రంలో ఆవిరి పేరుకొని గుళిక పగిలి పొడిగా బయటికి వస్తుంది. పది, పన్నెండు శాతం మధ్య ఉండే ఇరుకైన దారిలోనే మంచి గుళిక తయారవుతుంది.

డై విషయంలో ఒక వింత ఉన్నది. దాణా డైలో రంధ్రపు పనిచేసే పొడవు దాని వ్యాసానికి ఎనిమిది నుంచి పదమూడు రెట్లు ఉంటుంది. కట్టె డైలో అది ఐదు నుంచి ఏడు రెట్లు మాత్రమే. కట్టె గట్టిది కదా, దానికే పొడవైన రంధ్రం కావాలని మొదట తోస్తుంది. వాస్తవం తారుమారు. కట్టె పొడి గోడలను ఎంతగా ఒరుసుకుంటుందంటే, పొట్టి రంధ్రంలోనే కావలసిన పీడనం పుట్టుకొస్తుంది. దాణా డైలో కట్టె పొడి పోస్తే రంధ్రాలు బిగుసుకుపోతాయి, ఆపైన ఒక్కొక్క రంధ్రాన్నీ డ్రిల్లుతో తెరవవలసిందే. కట్టె డైలో దాణా పోస్తే ఒత్తిడి చాలక గుళిక చేతిలోనే నలిగిపోతుంది. "రెండు పనులకూ ఒకే యంత్రం" అన్న ప్రకటనను ఇందువల్లనే అనుమానంతో చూడవలసి ఉన్నది. డై మార్చుకుంటే చాలదా అంటే, చాలదు. కట్టె మిల్లుకు బేరింగులు, ప్రధాన ఇరుసు మరింత బలంగా ఉండాలి. డై తిరిగే వేగం సాధారణంగా తక్కువగా ఉండాలి. తేలికగా ఉబ్బి ఉండే పొడిని రోలర్ల కిందికి నెట్టే ఫీడరు వేరు. దాణా మిల్లుకు కండిషనర్, ఆవిరి, మొలాసిస్ కలిపే ఏర్పాటు అవసరం, కట్టెకు వాటితో పనిలేదు. అన్నిటికంటె ముఖ్యంగా, ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన పాత కిటికీలు, పరిశ్రమల ప్యాకింగ్ పెట్టెల చెక్క నడిచిన యంత్రంలో పశువు నోటికి వెళ్లే పదార్థాన్ని నడపడానికి ఏ పశుపోషణ శాస్త్రవేత్తా ఒప్పుకోరాదు. ప్లైవుడ్‌ను అతికించేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. డైని ఎంత కడిగినా ఆ చెక్క ఎక్కడిదో, దానికి ఏమి పూశారో చెప్పగలవారు ఉండరు.

రింగ్ డై, ఫ్లాట్ డైల మధ్య ఎంపికపై చెప్పవలసినది తక్కువ. ఫ్లాట్ డైలో రోలరు లోపలి అంచు, వెలుపలి అంచు వేర్వేరు దూరాలు తిరగవలసి రావడం వల్ల అరుగుదల సమంగా ఉండదు. అయినా గంటకు ఒకటి రెండు క్వింటాళ్లతో సొంత పశువులకు దాణా చేసుకునే పాడి రైతుకు, ప్రదర్శన కోసం కృషి విజ్ఞాన కేంద్రానికి అది చాలు. వ్యాపారానికి రింగ్ డై తప్ప మార్గం లేదు.

ఇక ప్రాంతం సంగతి. హైదరాబాదు ఉత్తరపు అంచున, కుత్బుల్లాపూర్ పరిధిలోని సూరారం, దాని పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ యంత్రాలు పెట్టదలచినవారిని సహజంగా ఆకర్షిస్తాయి. లేత్ పని, వెల్డింగ్, బేరింగులు, మోటారు చుట్టేవారు, పాత రోలరును మళ్లీ గాడి పెట్టి ఇచ్చే నేర్పరులు అందుబాటులో ఉంటారు. ఒకవైపు మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి, మరొకవైపు శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి. రోలరు బేరింగు విరిగితే అదే రోజు మార్చుకోగలగడం చిన్న సౌలభ్యం కాదు, మారుమూల మండలంలో అదే పనికి వారం పట్టవచ్చు. కాని యంత్రం దొరికే చోటు వేరు, ముడిసరుకు పండే చోటు వేరు. ఈ రెండింటిని కలగలిపి చూడడం వల్లనే కట్టె గుళికల ప్రాజెక్టులు తప్పు చోట పుడుతున్నాయి.

తెలంగాణలో పత్తి 40 లక్షల ఎకరాలకు పైగా సాగవుతున్నది. ఏరుతలు ముగిసిన తరువాత మిగిలే కట్టెను చాలాచోట్ల పొలంలోనే తగులబెడుతున్నారు. ఆ కట్టెకు విలువ కల్పించాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ముక్కలు చేసిన పత్తి కట్టె ఘనపు మీటరుకు 100 నుంచి 150 కిలోల వరకే తూగుతుంది. 30 ఘనపు మీటర్ల తొట్టి గల లారీలో నాలుగున్నర టన్నులకు మించి పట్టదు. పది టన్నులు మోయగల లారీ సగానికి పైగా గాలినే మోస్తుంది. గుళికగా మారిన తరువాత ఘనపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది కనుక అదే లారీ పూర్తి బరువుతో నడుస్తుంది. కాబట్టి గుళికలు చేయవలసినది పత్తి పండే ఆదిలాబాద్, ఆసిఫాబాద్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల్లో. ఆదిలాబాద్ కట్టెను సూరారానికి తెచ్చి, ఇక్కడ నొక్కి, రామగుండం థర్మల్ కేంద్రానికి పంపాలనే ఆలోచన డీజిల్ ఖర్చు వద్దనే కూలిపోతుంది. చుట్టుపక్కల రంపపు మిల్లుల పొట్టు మీద ఆధారపడదామంటే, దానికి బాయిలర్ల యజమానుల నుంచి, ఇటుక బట్టీల నుంచి పోటీ ఉంటుంది. అదీగాక, ఇంతకుముందు చెప్పిన ప్లైవుడ్ కల్తీ సమస్య ఇక్కడే ఎక్కువ.

జీడిమెట్ల, మేడ్చల్ పరిశ్రమల బాయిలర్లే మా కొనుగోలుదారులు అనేవారు ఉన్నారు. అటువంటివారికి మరొక మాట చెప్పాలి. గ్రేటు మీద ఇంధనం మండే బాయిలరుకు గుళిక అవసరం లేదు, బ్రికెట్ సరిపోతుంది. 60 లేదా 90 మిల్లీమీటర్ల బ్రికెట్‌ను పిస్టన్ ప్రెస్సు నొక్కుతుంది, దానికి పొడి అంత సన్నగా ఉండనక్కరలేదు, అరిగే భాగాలు కూడా తక్కువ. కొనేవాడికి బ్రికెట్ చాలునంటే పెల్లెట్ మిల్లు కొనవద్దని చెప్పడం కూడా విస్తరణ సలహాలో భాగమే. గుళిక అవసరమయ్యేది బొగ్గుతో పాటు మిల్లులో పొడి చేసి మండించే థర్మల్ కేంద్రాలకు, తనంతట తానే ఇంధనాన్ని తీసుకొనే చిన్న బర్నర్లకు.

థర్మల్ కేంద్రాల గిరాకీ ప్రభుత్వ విధానం నుంచి వచ్చింది. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరు 8న జారీ చేసిన విధానం బొగ్గుతో కలిపి జీవ ఇంధన గుళికలను మండించాలని నిర్దేశించింది. 2023 జూన్‌లో దానిని సవరించి 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అని లక్ష్యం పెట్టారు. మరొకవైపు నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ జీవశక్తి కార్యక్రమంలో పెల్లెట్ కర్మాగారాలకు గంటకు ఒక టన్ను సామర్థ్యానికి 9 లక్షల రూపాయల చొప్పున, గరిష్ఠంగా 45 లక్షల వరకు సహాయం ఉండేది. సహాయం ఉండడం మంచిదే. కాని దానిని గంటకు టన్నుల లెక్కన ఇవ్వడంలో ఒక చిక్కు ఉన్నది. అమ్మేవాడికి పెద్ద అంకె రాయాలని, కొనేవాడికి పెద్ద అంకె చూడాలని ఆశ పుట్టించేది అదే. ఇద్దరి ఆశలూ ఒకే వైపు లాగుతున్నప్పుడు మధ్యలో నిలబడి "ఏ పదార్థంతో?" అని అడగవలసినవారు మనమే.

పత్తి కట్టె విషయంలో కీటక శాస్త్రవేత్తల మాట కూడా వినవలసి ఉన్నది. గులాబీ రంగు కాయతొలుచు పురుగు లార్వాలు మిగిలిపోయిన కాయల్లో నిద్రావస్థలో ఉండి తరువాతి పంట మీదికి వస్తాయి. కట్టెను పొలం నుంచి తీయించడం మేలే. కాని తీసిన కట్టెను వానాకాలం దాకా కుప్పగా నిల్వ ఉంచితే పురుగును ఊరి పక్కన కాపాడి పెట్టినట్టవుతుంది. ఏడాది పొడవునా నడిచే కర్మాగారానికి ఏడాది సరుకు నిల్వ కావాలి, పురుగు నివారణకు వేసవిలోపే కట్టె ముక్కలై పోవాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరాలంటే కట్టెగా కాక, వేసవిలోనే ముక్కలుగా కొట్టి ఎండబెట్టి నిల్వ చేయాలి. అప్పుడు మిల్లు కంటె ముందు కొనవలసినది ముక్కలు కొట్టే యంత్రం, వేయవలసినది పైకప్పు.

ఎండబెట్టడం గురించి ఒక లెక్క. పది శాతం తేమ గల టన్ను గుళికలకు 900 కిలోల పొడి పదార్థం కావాలి. ముడిసరుకు 30 శాతం తేమతో వస్తే 1,286 కిలోలు తీసుకొని 286 కిలోల నీటిని ఆవిరి చేయాలి. 40 శాతంతో వస్తే 1,500 కిలోలు తీసుకొని 500 కిలోల నీటిని. తేమ పది శాతం పెరిగితే ఆరబెట్టే భారం దాదాపు రెట్టింపు అయింది. ఫిబ్రవరి నుంచి మే వరకు మన ఎండ ఈ పనిని ఉచితంగా చేసిపెడుతుంది. జూలైలో చేయదు. డ్రయ్యరు లేని నివేదికలో సంవత్సరానికి 300 పని దినాలు చూపితే ఆ నివేదికను తిప్పి పంపవలసిందే.

వేళ్లతో సహా పీకిన కట్టెతో మట్టి వస్తుంది. చల్కా నేలల ఇసుక డైకి ఆకురాయి వంటిది. జల్లెడ, అయస్కాంతం లేకుండా మిల్లు నడపరాదు. వరి ఊక సంగతి మరీ కష్టం. దానిలో బూడిద 15 నుంచి 20 శాతం, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా. దాణాతో వెయ్యి గంటలకు పైగా నడిచే డై ఊకతో కొన్ని వందల గంటలకే అరిగిపోతుంది. ఊక ఉచితంగా దొరుకుతుందన్న మాటలో డై ధర కలపలేదని గమనించాలి.

దాణా వైపు చూస్తే సూరారం, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి ఇంతకంటె అనుకూలత ఉన్నది. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు బరువైన సరుకులు, లారీ నిండా వస్తాయి. కాని ఇక్కడ కూడా గిరాకీని జాగ్రత్తగా విడదీయాలి. గుడ్ల కోళ్లకు మన దేశంలో ఎక్కువగా వాడేది పొడి దాణాయే. గుడ్ల ఫారాలను చూసి గుళికల మిల్లు పెడితే కొనేవారు ఉండరు. మాంసపు కోళ్లకు గుళికలు, నూక రూపంలో దాణా కావాలి గాని, అందులో పెద్ద భాగం ఒప్పంద పెంపకం కింద కోడిపిల్లలతో పాటు దాణాను కూడా సరఫరా చేసే సంస్థల చేతిలో ఉన్నది. వాటి మిల్లులతో పోటీపడడం చిన్నవారికి సాధ్యం కాదు. పాడి పశువుల దాణాకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2052 ఉన్నది. దాని ప్రకారం తేమ 11 శాతం మించరాదు, మొదటి రకానికి మాంసకృత్తులు 22 శాతం, రెండో రకానికి 20 శాతం తగ్గరాదు. ఆవిరి పట్టించి 16 శాతం తేమతో డైలోకి పంపిన దాణాను కూలరు లేకుండా సంచికి ఎత్తితే 11 శాతానికి దిగదు, బూజు పడుతుంది. ధర తగ్గించమని అడిగితే అమ్మేవారు ముందుగా తీసివేసేది కూలరునే. ఆ బేరానికి ఒప్పుకోవద్దని రైతు సంఘాలకు చెప్పాలి.

ఈ రెండు లోకాల మధ్య ఉన్న మూడో అవకాశం మీద మనం తగినంత శ్రద్ధ పెట్టలేదని నా నమ్మకం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్ల గొర్రెలు ఉన్నాయి, దేశంలో ఇదే ప్రథమ స్థానం. మేత బీళ్లు తగ్గిపోతున్న ప్రాంతంలో వాటికి కావలసినది మేత, దాణా కలిపిన సంపూర్ణ దాణా. పంట అవశేషాలను ఎక్స్‌పాండర్ ఎక్స్‌ట్రూడర్‌తో సంపూర్ణ దాణాగా మార్చే పరిశోధనలు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఎప్పటినుంచో జరిగాయి. సూరారానికి ముడిసరుకు వైపు నుంచి చూసినా వికారాబాద్ జిల్లా తాండూరు దూరం కాదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి తోడు అక్కడి పప్పు మిల్లుల నుంచి పొట్టు, నూక దొరుకుతాయి. కంది కట్టె, కంది పొట్టు గొర్రెలు ఇష్టంగా తినేవే. పత్తి కట్టెను మాత్రం ఈ పనికి నేను సూచించను. దానిలో లిగ్నిన్ ఎక్కువ, జీర్ణమయ్యేది తక్కువ, పైగా సీజనంతా చల్లిన పురుగుమందుల అవశేషాల సంగతి తేలకుండా మందకు పెట్టరాదు.

యంత్రం దృష్టితో సంపూర్ణ దాణా ఇబ్బంది కలిగించే పదార్థం. సగం పీచు, సగం గింజ. దాణా డైలో బిగుసుకుంటుంది, కట్టె డైలో విడిపోతుంది. విద్యుత్తు ఖర్చు రెండింటికీ నడుమ ఉంటుంది, పీచు శాతం మారినప్పుడల్లా మారుతుంది. మొలాసిస్ ఎంత, పీచును ఏ జల్లెడతో నూరాలి, రంధ్రం ఎన్ని రెట్ల పొడవు ఉండాలి అన్నవి ఒక్కొక్క మిశ్రమానికీ వేర్వేరుగా తేల్చవలసినవి. విశ్వవిద్యాలయం చేయవలసిన పని ఇది. కరపత్రాలు దీనికి జవాబు ఇవ్వలేవు.

విద్యుత్ కనెక్షన్ విషయం నివేదికల చివరి పేజీలో ఒక వాక్యంగా ఉంటుంది, ఉండవలసినది మొదటి పేజీలో. మన రాష్ట్రంలో పరిశ్రమలకు ఎల్.టి. కనెక్షన్ 75 కిలోవాట్లు, అంటే 100 అశ్వశక్తి వరకే. కట్టె గుళికల మిల్లుకు తోడు హామర్ మిల్లు, డ్రయ్యరు ఫ్యాను, కూలరు, కన్వేయర్లు కలిస్తే ఆ గీత దాటుతుంది. అప్పుడు హెచ్.టి. కనెక్షన్, సొంత ట్రాన్స్‌ఫార్మర్, నడిపినా నడపకపోయినా చెల్లించవలసిన డిమాండు చార్జీలు. సీజనులో నాలుగు నెలలు నడిచే మిల్లుకు ఇది పెద్ద భారం. దాణా మిల్లు వైపు నిర్ణీత పరిమాణం దాటిన బాయిలరుకు రిజిస్ట్రేషను, తనిఖీ ఉంటాయి. ఇళ్లు ఆనుకొని పెరిగిన సూరారంలో హామర్ మిల్లు దుమ్ము, రాత్రి షిఫ్టు చప్పుడు ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలిగిస్తాయి కనుక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ముందుగా తీసుకోవాలి, అడ్వాన్సు ఇచ్చిన తరువాత కాదు.

ఆచరణలో నేను కోరేది ఇది. సంగారెడ్డి జిల్లా కందిలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట మార్కెట్లో దొరికే మిల్లులను మన పదార్థాలతోనే, అంటే పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న బెండ్లు, సుబాబుల్ పొట్టు, పాడి దాణా, గొర్రెల సంపూర్ణ దాణాతో నడిపి చూడాలి. ప్రతి పదార్థానికీ టన్నుకు ఎన్ని యూనిట్లు, ఎంత తేమ వద్ద, ఎన్ని గంటలకు డై అరిగింది, గుళిక గట్టిదనం ఎంత అన్నవి ప్రచురించాలి. గట్టిదనం కొలవడానికి పెద్ద పరికరం అక్కరలేదు. 500 గ్రాముల గుళికలను పెట్టెలో వేసి నిమిషానికి 50 చుట్ల చొప్పున పది నిమిషాలు తిప్పి, జల్లెడ పట్టి, మిగిలినదాన్ని తూచడమే. ఇది పట్టభద్ర విద్యార్థుల ప్రాజెక్టు పనిగా తేలికగా సాధ్యం. పట్టికలు సిద్ధమయ్యే దాకా, కొనదలచినవారు తమ పదార్థాన్ని పది సంచులు తీసుకొని తయారీదారుని షెడ్డుకు వెళ్లాలి. తమ ఎదుట కనీసం రెండు గంటలు నడిపించుకోవాలి. మొదటి పావుగంట ఎవరి మిల్లయినా బాగానే నడుస్తుంది, డై వేడెక్కిన తరువాతనే దాని నిజం తెలుస్తుంది. విద్యుత్ మీటరు రీడింగు మొదట, చివర రాసుకోవాలి. మధ్యలో ఒకసారి ఆపించి, పది నిమిషాల తరువాత మళ్లీ మొదలుపెట్టమనాలి. కట్టె పొడి రంధ్రాల్లో చల్లబడి గట్టిపడితే డై మొరాయిస్తుంది. తయారీదారు నూనె కలిపిన తవుడును ముందుగా పోసి రంధ్రాలను నింపి ఆపుతాడో లేదో, ఆ సంగతి తన ఆపరేటరుకు నేర్పాడో లేదో అక్కడే బయటపడుతుంది. రెండో డై, రెండో జత రోలర్ల ధరను మొదటి కొటేషనులోనే రాయించుకోవాలి.